బొటనవేలికి చోటు

పొడవు 70 మిల్లీమీటర్లు, వెడల్పు 12, ఎత్తు 11. బరువు పది గ్రాములుంటే గొప్ప. ముదురెరుపు చెక్క ముక్క, రెండు ఇత్తడి మరలు, అంతే వస్తువు. దీని మీద ఇంత వ్యాసమా అనేవాళ్లు ఒక్కసారి చేతిలోకి తీసుకుని తిరగేసి చూడాలి. దీని పనితనం సగానికి పైగా అడుగువైపే ఉంది. గిటార్‌కి బిగించాక ఆ వైపు ఎవరికీ కనబడదు.

ఇది థంబ్ రెస్ట్. బేస్ గిటార్ వాయించేవాళ్లు కుడిచేతి బొటనవేలిని ఆనించుకునే కడ్డీ. చేసినవాడు మా అక్క కొడుకు. నెల్లూరు దగ్గర మైపాడు వైపు రొయ్యల గుంటల మీద ఏరియేటర్లు రిపేరు చేస్తుంటాడు, ఆదివారం చర్చిలో బేస్ వాయిస్తాడు. వడ్రంగం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో రోజూ చూసే మనిషి. ఆ చదువు ఈ చిన్న ముక్కలో చాలా చోట్ల బయటపడుతుంది.

బేస్‌కు నాలుగు తీగలు. అన్నిటికన్నా లావుది ఇ తీగ, వాయించేవాడి గడ్డానికి దగ్గరగా పైన ఉంటుంది. వట్టిగా మీటితే సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్‌లోని లావు తీగకు సరిగ్గా ఒక స్థాయి కింద. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ ఒకదాని వెంట ఒకటి మీటుతుంటాయి. మిగతా మూడు తీగల మీద వాయిస్తున్నంతసేపూ బొటనవేలికి ఇబ్బంది లేదు, హాయిగా ఇ తీగ మీద ఆనుకుంటుంది. ఆ తీగ ఊరికే మోగకుండా ఆపి పెట్టే పని కూడా అదే చేస్తుంది. ఇ తీగనే మీటాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది తంటా. బొటనవేలు గాల్లో ఉంటే చేయి కుదురుగా ఉండదు, ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా పడుతుంది. అందుకే చాలామంది దాన్ని, తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టే పికప్ అంచు మీద పెట్టుకుంటారు. పెట్టుకుంటే పికప్ ఎక్కడుంటే చేయి అక్కడే.

దానివల్ల వచ్చిన నష్టమేమిటంటే, తీగను ఎక్కడ మీటామన్నదాన్ని బట్టే దాని గొంతు. బేస్ తీగ కంపించే పొడవు సాధారణంగా 34 అంగుళాలు. దాన్ని మెడ దగ్గర మీటితే నాదం గుండ్రంగా, నిండుగా వస్తుంది. తీగ రెండో కొస ఆనే బ్రిడ్జి వైపు జరిగే కొద్దీ పదునెక్కుతుంది. అసలు స్వరంతో పాటు మోగే ఏ ఉపస్వరానికైనా తీగ మీద కదలకుండా నిలిచే చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ మీటితే ఆ ఉపస్వరం పుట్టదు. సరిగ్గా సగంలో మీటితే సరిసంఖ్య ఉపస్వరాలన్నీ పోతాయి, చివరకు జరిగితే పైవాటికి బలం వస్తుంది. నిదానంగా సాగే ఆరాధన పాటకు ఒక చోటు, చప్పట్ల పాటకు ఇంకో చోటు కావాలని మావాడి కోరిక. పికప్ అంచుకు అంటుకుపోయిన చేయి అలా తిరగలేదు.

కడ్డీ ఆలోచన మావాడిది కాదు, బేస్ గిటార్ పుట్టినప్పటిదే. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడే దాని మీద ఒక కడ్డీ ఉంది. కాకపోతే కింది వైపు, సన్నతీగ అవతల. జనం బొటనవేలితో మీటుతారు, మిగతా వేళ్లు కడ్డీని పట్టుకుంటాయి అన్నది ఫ్యాక్టరీ లెక్క. వాయించేవాళ్లు ఆ లెక్క వినలేదు. నిలబెట్టి వాయించే డబుల్ బేస్ వదిలి ఇటు వచ్చినవాళ్లకు వేళ్లతో లాగడమే అలవాటు. చూపుడువేలు, మధ్యవేలు పనిలోకి దిగాయి, బొటనవేలు పైకి పోయింది, కడ్డీ కింద ఉండిపోయింది. కంపెనీ దాన్ని పైకి మార్చింది 1974లో. మధ్యలో 23 ఏళ్లు! లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. వాయించేవాళ్లను అడిగి, వాళ్ల ఫిర్యాదులు విని వస్తువు బాగుచేసే మనిషి. అంత వినే మనిషి పెట్టిన ఫ్యాక్టరీ నుంచే ఆ కడ్డీ అన్నేళ్లు తప్పు పక్కన బిగించుకుని బయటికొచ్చిందంటే, చెయ్యి తన సంగతి నోటితో సరిగ్గా చెప్పలేదని నాకనిపిస్తుంది. అడిగితే తెలిసే విషయం కాదది, పెట్టి చూస్తే తెలిసేది.

అసలు కడ్డీ సాయమే లేకుండా తన దారి తాను వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు, పక్క వేళ్లను పికప్ మీది క్రోమ్ మూతకు ఆనించుకునేవాడు. ఆ మూత చేసినవాళ్లు వేళ్ల సంగతి ఆలోచించి చేయలేదు. గ్యారీ విల్లిస్ అనే బేసిస్టు తీగల కిందే ఒక చెక్క పలక పెట్టుకున్నాడు, వేళ్లు అవసరాన్ని మించి లోతుకు దిగకుండా. వాయించేవాళ్లు దాన్ని ర్యాంప్ అంటారు.

నెల్లూరు తీరంలో బేస్ గిటార్ ఎక్కడిదని అడిగితే నా లెక్కలో మొదటి జవాబు చర్చి. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టాడు. హార్మోనియం ఉన్న చోటికి కీబోర్డు వచ్చింది, కీబోర్డు పక్కకు డ్రమ్స్, వాటి వెనక బేస్. రెండో జవాబు సినిమా పాట. నెల్లూరులో పెరిగిన బాలసుబ్రహ్మణ్యం పాటల ట్రూపులో ఒకప్పుడు గిటార్, హార్మోనియం వాయించిన కుర్రాడు ఇళయరాజా. ఆయన పాటల్లో బేస్ ఒక్కటే పట్టుకుని విన్నా ఇంకో పాట విన్నట్టుంటుంది. మావాడు బేస్ కొనుక్కున్నది ఆ పాటలు వినే.

ఇక పనిలోకి వద్దాం. మొదట చెక్క ముట్టనే లేదు. స్కూలు పిల్లల రబ్బరు ఒకటి సగానికి కోసి, డబుల్ సైడ్ టేపుతో గిటార్ మీద అతికించాడు. బాడీ మీద, తీగకు పైన, మాస్కింగ్ టేపు పట్టీ వేశాడు. వాయిస్తుంటే చేయి ఎక్కడికి పోతే రబ్బరును అక్కడికి జరపడం, బాగుందనిపించిన చోట టేపు మీద పెన్సిల్ గీత పెట్టడం. కొన్నాళ్లకు గీతలు రెండు గుంపులుగా చేరాయి. నిదానం పాటల గుంపు మెడ వైపు, హుషారు పాటల గుంపు బ్రిడ్జి వైపు. ఆ రెండు గుంపుల మధ్య దూరానికి అటూ ఇటూ బొటనవేలు పట్టేంత కలిపితే 70 మిల్లీమీటర్లు. పొడవు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది కదా.

ఇంకో సంగతి కూడా ఆ గీతలే చెప్పాయి. అవి తీగకు సమానంగా సాగలేదు. మోచేయి కింద బాడీ అంచుకు ఆనుకుని చేయి తిరుగుతుంది కాబట్టి, వెనక్కి జరిగే కొద్దీ బొటనవేలు తీగకు రవ్వంత దూరమవుతోంది. కడ్డీని కూడా అలాగే వాలుగా బిగించాడు. నేను స్కేలు పెట్టి కొలిస్తే మెడ వైపు కంటే బ్రిడ్జి వైపు 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఎడం. కంటికి కాస్త వంకరగానే ఉంటుంది. ఫ్యాక్టరీలో అయితే ఆ వంకరను తప్పు కింద లెక్కేసి పక్కన పడేస్తారు.

కొలతను మించి చూడటం మనకు కొత్త కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి వీణ చేసేవాళ్లు చివరగా మేళం కడతారు. మైనం పరిచి, దాని మీద 24 ఇత్తడి మెట్లు కూర్చోబెట్టడం. కొలత కొంతదాకానే తోవ చూపిస్తుంది, మెట్టు ఏ వెంట్రుకవాసిలో ఆగాలో చెవి చెప్తుంది. అక్కడ చెవికిచ్చే చోటు మావాడు ఇక్కడ చేతికిచ్చాడు. చేసేవాడూ వాయించేవాడూ ఒకడే కావడం వల్ల కుదిరిన సుఖం ఇది.

చెక్క ఇంట్లోదే. విరిగి అటకెక్కిన చండ్ర రోకలి ముక్క. ఉదయగిరి వెళ్తే గరిటెలు చేసేవాళ్ల దగ్గర బిక్కి, దేవదారు ముక్కలు దొరుకుతాయి, నున్నగా పనికొస్తాయి. కానీ రోజూ గోరు, వేలెముక తగిలే చోట చండ్రంత గట్టిది ఉండటం మేలు. ఎర్రచందనం ఎందుకు పెట్టకూడదని ఒకాయన అడిగాడట. మన వెలిగొండల్లో పెరిగే ఆ చెక్కనే జపాన్‌లో షామిసెన్ అనే తీగవాద్యం మెడకు శ్రేష్ఠమంటారు, నిజమే. ఇక్కడ ఇంట్లో ముక్క కనబడితే వచ్చేది సంగీతం కాదు, కేసు.

చండ్రతో ఒక చిక్కుంది. తాంబూలంలోకి వేసుకునే కాచు తీసేది ఈ చేవ నుంచే, అంటే వగరు దండిగా ఉన్న చెక్క. వగరుకు ఇనుమూ తేమా తోడైతే నల్లగా మారుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి వెనకటివాళ్లు సిరా చేసుకున్నది ఈ సూత్రంతోనే. సముద్రపు గాలి తగిలే ఊళ్లో, చెమట చేయి ఆడే చోట, ఇనుప మర బిగిస్తే తల చుట్టూ నల్లటి మచ్చ దిగడానికి ఎంతోకాలం పట్టదు. పైన తెల్లపూత వేసిన మరలను మావాడు ఏరియేటర్ల మీద చూస్తూనే ఉంటాడు, పూత పోగానే తుప్పు. అందుకని నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో వెతికి, తల మీద ఒకే గాడి ఉన్న ఇత్తడి మరలు తెచ్చాడు. ఇత్తడి అయితే కాస్త మెరుపు తగ్గుతుంది, చెక్కను పాడు చేయదు.

రోకలి చెక్కను కోయడం తేలిక కాదు. హాక్సా బ్లేడుతో, రోకలి పొడవు వెంటే, నార అడ్డంగా తెగకుండా కోశాడు. నార పొడవునా సాగితేనే ఇంత సన్న కడ్డీ మర బిగువుకు చీలకుండా నిలబడుతుంది. ఇంత చిన్న ముక్కకు చిత్రిక పట్టాలంటే వేళ్లకే ముప్పు. దానికి బదులు గాజు పలక మీద సాండ్‌పేపర్ అతికించి, ముక్కను దాని మీద రుద్దాడు. గాజు సమతలం కాబట్టి ముక్కా సమతలమే అవుతుంది. చప్పుడు లేని, ఓపిక తినే పని.

ఇప్పుడు తిరగేయండి. అడుగున మూడో వంతు దాకా ఒక మెట్టు ఉంది, లోతు రెండున్నర మిల్లీమీటర్లు. ఆ గిటార్ మీద పిక్‌గార్డ్ ప్లాస్టిక్ రేకు కడ్డీ కింద అంతదాకే వచ్చి ఆగిపోతుంది. మెడ వైపు కడ్డీ ప్లాస్టిక్ మీద కూర్చోవాలి, మిగిలింది చెక్క మీద. మెట్టు లేకపోతే ఒక చివర గాల్లో లేస్తుంది, మర బిగిస్తే కడ్డీ విల్లులా వంగుతుంది. మెట్టును బ్లేడుతో కోసి ఆకురాయితో సరిచేశాడు. నిలువు అంచు ప్లాస్టిక్‌ను తాకదు, మధ్యలో కాగితం పట్టేంత సందు వదిలాడు, ఎండకూ చలికీ ప్లాస్టిక్ కాస్త పెరిగి తరుగుతుందని.

చదునుగా కనిపించే ఆ అడుగు నిజానికి చదును కాదు. స్కేలు అంచు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నడుమ సన్నటి వెలుగు గీత కనబడుతుంది. మధ్యభాగం వెంట్రుకవాసి లోపలికి తీసిపెట్టాడు. అంచులే ముందు ఆనాలి, మర బిగించేకొద్దీ అవి ఇంకా అణగాలి. అప్పుడే చుట్టూ సందు కనబడదు. కుర్చీ కోళ్లు, గుమ్మాలు చేసే చేయి తిరిగిన వడ్రంగి ఇదే చేస్తాడు, మావాడికి ఎవరు చెప్పారో అడిగితే ‘ఎవరూ చెప్పలా మామా, చదునుగా చేస్తే నడుమ ఎత్తు తగిలి ఊగతా ఉండింది’ అన్నాడు. ఊగడం ఎక్కడుందో కనిపెట్టడానికి కార్బన్ పేపర్ వాడాడు. బాడీ మీద కాగితం సిరా వైపు పైకి పెట్టి, కడ్డీని నొక్కి తీస్తే, ఎత్తుగా ఉన్న చోట నల్ల మరక అంటుతుంది. అంతవరకే అరగదీసి మళ్లీ నొక్కడం. మరక అంచుల పొడవునా ఒకేలా పడేదాకా అదే పని.

రంధ్రాల దగ్గర పని చురుగ్గా సాగింది కానీ ఆలోచన తక్కువ కాదు. కడ్డీలో రంధ్రం మర ఒళ్లు కంటే కాస్త వదులు. అక్కడ మర కరవకూడదు, బాడీ చెక్కలోనే కరవాలి. రెండింటిలోనూ కరిస్తే ఎంత తిప్పినా కడ్డీ బాడీకి దగ్గరకు లాగబడదు. గిటార్ బాడీ మీది పూత గాజులాంటి గట్టి పొర, డ్రిల్లు నేరుగా దింపితే అంచు పెచ్చులూడుతుంది. డ్రిల్లును మొదట వెనక్కి తిప్పి పూతను మెల్లగా అరగనిచ్చి, ఆ తర్వాతే ముందుకు తిప్పాడు. రంధ్రం మూతిని కొంచెం వెడల్పు చేశాడు, మర దిగేటప్పుడు పూతను పైకి ఎత్తకుండా. ఎంత లోతుకు పోవాలో డ్రిల్లు ముల్లుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాడు.

ఇత్తడి మెత్తన, తొందరపడితే తల తెగి ఒళ్లు లోపలే ఉండిపోతుంది. కాబట్టి అదే కొలత ఇనుప మరతో ముందు దారి చేసి, దాన్ని తీసేసి, ఇత్తడి మరను ఆ దారిలో దింపాడు. మరకు రాసింది తేనెమైనం. చాలామంది సబ్బు రాస్తారు, సబ్బు తేమను పిలుస్తుంది. తేమకు కొదవలేని ఊళ్లో ఆ పిలుపు అక్కర్లేదు.

పైవైపు చూస్తే అంచులన్నీ ఒకేలా గుండ్రం చేసి వదిలేశాడనిపిస్తుంది, అలా లేదు. తీగ వైపు పై అంచు బాగా గుండ్రం. ఒక పాటలో బొటనవేలు ఎన్నోసార్లు కడ్డీ మీది నుంచి ఇ తీగ మీదకు దిగి, మళ్లీ ఎక్కుతుంది. అక్కడ మూల ఉంటే వేలు ప్రతిసారీ తట్టుకుంటుంది. బయటి అంచు చిన్న ఏటవాలు మాత్రమే, చొక్కా చేయి పట్టుకోకుండా. పై ముఖం మీద ఒక మిల్లీమీటరు లోతు పల్లం, వేలి మెత్తన కూర్చునేట్టు. ఆ పల్లం రెండు చివర్లకూ చేరకముందే ఆగిపోతుంది. దాని వల్ల ప్రయోజనం వాయిస్తుంటేనే తెలుస్తుంది. పల్లం అయిపోయి వేలికి ఎత్తు తగిలితే చివరకు వచ్చేసినట్టు, చూడకుండానే తెలుస్తుంది. పాటల పుస్తకం మీదో పాస్టరు గారి సైగ మీదో కళ్లుండాల్సిన మనిషికి అది పెద్ద సాయం. నన్నడిగితే మొత్తం వస్తువులో తెలివంతా ఆ పల్లం ఆగిన చోటే ఉంది. ఎత్తు కూడా ఆలోచించి పెట్టిందే. కడ్డీ పైభాగం ఇ తీగ కంటే కిందే ఉంది, లేకపోతే మీటిన వేళ్లు వంగడానికి చోటుండదు.

పాలిష్ మెరవదు. వార్నిష్ వేయమని సలహా ఇచ్చింది నేనే, వాడు వినలేదు. చెమట వేలు వార్నిష్ మీద జారదు, అంటుకుంటుందంటాడు. అవిసె నూనె పల్చగా రాసి, తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ రాసి, చివర్న తేనెమైనంతో గుడ్డ పెట్టి రుద్దాడు. కాచు రంగు చెమటలో దిగి వేలికి అంటకుండా నూనె ఆపుతుంది. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయలేదు, బట్టల తీగ మీద విప్పి ఆరేశాడు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ చుట్టిన గుడ్డ దానంతటదే అంటుకున్న సందర్భాలు వర్క్‌షాపుల్లో కొత్త కాదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. బయటి ముఖం మరీ నిటారుగా ఉంది, కాస్త వాల్చి ఉంటే కంటికి తేలికగా ఉండేది. రేపు గిటార్ అమ్మాలంటే రెండు రంధ్రాలు బేరంలో ధర తగ్గిస్తాయి. అంతా చేతి సౌకర్యం కోసమే అనుకుంటే మరల గాళ్లు మాత్రం వగలు. రెండు గాళ్లూ కడ్డీ పొడవు వెంట, ఒకే వరసలో ఉన్నాయి. అలా రావాలంటే సరైన బిగువు దగ్గరే గాడి సరైన దిక్కుకు ఆగాలి. తెచ్చిన మరల్లో ఒక్కోటీ బిగించి, తీసి, కుదిరిన రెండే ఉంచాడు. ‘ఇదెందుకురా, ఇది వగలు కాదా?’ అంటే, ‘వగలే మామా, ఆ మాత్రం ఉండనీ’ అన్నాడు.

పక్క ఊరి చర్చిలో బేస్ వాయించే కుర్రాడు ఇది చూసి తనకూ ఒకటి చేసిపెట్టమని వచ్చాడు. కొలతలు ఇస్తే తానే చేయించుకుంటానని కూడా అన్నాడు. మావాడు కొలతలు ఇవ్వలేదు. సగం రబ్బరు ముక్క, టేపు చుట్ట వాడి చేతిలో పెట్టి, ‘నీ చెయ్యి యాడికి పోతాదో నాకేం తెలుసు అబ్బయ్యా, ముందు దీంతో వాయించి గీతలు పెట్టుకోని రా’ అని పంపించాడు.